నల్ల పలక ముందు కుర్చీ

హైమవతికి తన పలక మీద ఎంత నమ్మకమంటే, గురువుగారు ఊళ్లో లేని వారంలోనే దాన్ని తీసుకెళ్లి ఆసుపత్రి గోడకు బిగించి వచ్చింది.

గురువుగారంటే ఫక్రుద్దీన్ గారు. తుంగభద్రకు కాస్త ఎడంగా ఉన్న ఒక విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చెప్పేవారు. సన్నటి మనిషి. మాట తక్కువ. పాఠం చెప్పేటప్పుడు కూడా బోర్డు మీద ఒక గీత గీసి, దాన్ని అందరూ సరిగ్గా చూసేదాకా ఆగేవారు. ఆయన దగ్గర పరిశోధన చేసినవాళ్లు తమలో తాము ఒక మాట అనుకునేవారు: "సార్ మన తప్పును నోటితో చెప్పరు. దాని దగ్గరికి తీసుకెళ్లి నిలబెడతారు."

హైమవతి ఆయన శిష్యుల్లో అందరికంటే చురుకైనది. ప్రశ్న పూర్తికాకముందే జవాబు చెప్పేది. ఆ జవాబు చాలాసార్లు సరైనదే కావడంతో ఆ అలవాటు అలాగే ఉండిపోయింది.

మైక్రోవేవ్ తరంగాలను పీల్చుకునే పదార్థం తయారుచేయడం ఆమె పని. వేరుశనగ పొట్టును గాలి తగలకుండా కాల్చి బొగ్గు చేసేది. ఆ బొగ్గుపొడి మీద ఇనుప ఆక్సైడ్ రేణువులను పుట్టించేది. అవి ఎంత చిన్నవంటే, వెంట్రుక మందంలో వేల రేణువులు పక్కపక్కన పడతాయి. ఒక్కొక్కటిగా కంటికి ఆనవు గాని, పొడిని కాగితం మీద పోసి కింద అయస్కాంతం జరిపితే మాత్రం నల్లచీమల బారులా కదిలేది. కొత్తగా చేరిన విద్యార్థులు అది చూసి నోరు తెరిచేవారు. హైమవతికీ ప్రతిసారీ ముచ్చటగానే ఉండేది. ఆ పొడిని రబ్బరు జిగురులో కలిపి అచ్చులో పోస్తే నల్లటి పలక తయారయ్యేది.

జిల్లా కేంద్రంలోని ఒక చిన్న ఆసుపత్రి నుంచి డాక్టర్ ప్రభంజనరావు గారు సాయం అడుగుతూ వచ్చారు. వాళ్ల ఫిజియోథెరపీ గదిలో కీళ్లనొప్పులకు కాపడం పెట్టే మైక్రోవేవ్ యంత్రం ఉంది. గోడకు అవతల నెలలు నిండకుండా పుట్టిన పసికందుల గది. యంత్రం వేసినప్పుడల్లా అవతల పిల్లల గుండె కొట్టుకోవడం చూపించే మానిటర్ల మీద గీతలు పిచ్చిపిచ్చిగా గెంతేవి. గంటలు మోగేవి. మొదట్లో నర్సులు పరుగెత్తేవారు. ప్రతిసారీ పిల్లలు హాయిగా నిద్రపోతూ కనిపించేవారు.

"ఇప్పుడు గంట మోగితే పరుగెత్తడం మానేశారమ్మా," అన్నారు డాక్టరుగారు. "నా భయం అదే. ఏదో ఒకరోజు గంట నిజంగానే మోగుతుంది."

ఆ మాట హైమవతికి గుచ్చుకుంది. అప్పటికి ఆమె దగ్గర ఒక పెద్ద పలక సిద్ధంగా ఉంది. ప్రయోగశాలలో తరంగాలు పంపే కొమ్ములాంటి యాంటెన్నాకూ, వాటిని అందుకునే యాంటెన్నాకూ మధ్య దాన్ని నిలబెడితే, అవతలి మీటరు ముల్లు సున్నా మీదికి పడిపోయింది. ఫక్రుద్దీన్ గారు కంటి ఆపరేషన్‌కు బెంగళూరు వెళ్లారు. ఆయన వచ్చేదాకా ఆగాలనిపించలేదు.

పలక బిగించిన రోజునే అవతలి గదిలో గీతలు నెమ్మదించాయి. నర్సులు మానిటర్ల ముందు నిలబడి నవ్వారు. డాక్టరుగారు హైమవతికి రెండు చేతులూ జోడించారు.

గురువుగారు తిరిగొచ్చాక ఆమె ఇదంతా ఒక్క గుక్కలో చెప్పింది. ఆయన నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, టీ గ్లాసు చేత్తో పట్టుకుని విన్నారు.

"తరంగం ఏమైందంటావు?"

"పలక మింగేసింది సార్."

"చూశావా?"

"అవతల సున్నా వచ్చింది కదా సార్. మింగకపోతే ఎక్కడికి పోతుంది?"

ఆయన టీ గ్లాసు కింద పెట్టారు. "పద, ఒకసారి చూసొద్దాం," అన్నారు.

ఆసుపత్రికి వెళ్లేసరికి రోగులెవరూ లేరు. డాక్టరుగారితో పాటు ఫిజియోథెరపిస్టు ఎస్తేరు రాణి ఎదురొచ్చింది. ముప్పై దాటిన మనిషి, నవ్వుమొహం. గది చాలా ఇరుకు. ఒక పక్క యంత్రం, దానికి ఎదురుగా గోడ మీద నల్ల పలక, ఆ రెంటికీ మధ్యలో పలకకు దాదాపు ఆనించి ఒక ప్లాస్టిక్ కుర్చీ.

ఫక్రుద్దీన్ గారు ఆ కుర్చీ వైపు చూశారు. "ఇక్కడ ఎవరు కూర్చుంటారమ్మా?"

"నేనే సార్. ఇదివరకు యంత్రం వేసి వరండాలోకి వెళ్లిపోయేదాన్ని. ఈ పలక అన్నిటినీ మింగేస్తుందని మేడమ్ చెప్పాక, దీని పక్కనే వేసుకున్నా. రోగికి ఎదురుగా ఉన్నట్టూ ఉంటుంది, నాకూ ధైర్యంగా ఉంటుంది."

హైమవతి సంతోషంగా తలాడించింది.

రోగి ఉండాల్సిన చోట నీళ్లు నింపిన ప్లాస్టిక్ డబ్బా పెట్టించారు ఆయన. అందరినీ బయటికి పంపి, మీటరును పసిపిల్లల గదిలో గోడ పక్కన ఉంచారు. వరండాలో ఉన్న మెయిన్ స్విచ్ వేశారు. ముల్లు కదల్లేదు. హైమవతి ఆయన మొహంలోకి చూసింది. ఆయన స్విచ్ ఆపి, మీటరు తీసుకుని, ఫిజియోథెరపీ గదిలోకి నడిచారు. దాన్ని ఎస్తేరు కుర్చీలో పెట్టి, తలుపు మూసి, మళ్లీ స్విచ్ వేశారు.

తలుపు అద్దంలోంచి ముల్లు కనిపిస్తోంది. అది ఒక్క గెంతులో చివరిదాకా పోయి, అక్కడ వణుకుతూ నిలబడింది.

ఆయన యంత్రం ఆపి, జేబులోంచి స్క్రూడ్రైవర్ తీశారు. పలకకున్న మరలన్నీ తనే విప్పి, దాన్ని మోసుకొచ్చి వరండా గోడకు ఆనించారు. మీటరు అదే కుర్చీలో ఉంది. మళ్లీ స్విచ్ వేశారు.

ఈసారి ముల్లు సగం దాకా కూడా పోలేదు.

హైమవతి అలాగే చూస్తూ ఉండిపోయింది. అవతలికి పోకపోవడమూ, మింగడమూ ఒకటి కావని ఆమెకు తెలుసు. మొదటి ఏడాది పిల్లలకు ఆమే ఈ పాఠం చెప్పింది. ముందువైపు కొలత తర్వాత తీద్దాంలే అనుకుంది. పిల్లల గది వైపు పోకుండా పలక ఆపిన తరంగాలన్నీ వెనక్కి తిరిగి, దాన్ని నమ్మి ఆనుకుని కూర్చున్న మనిషి మీదికే వచ్చాయి.

ఫక్రుద్దీన్ గారు స్విచ్ ఆపి, లోపలికెళ్లి, మీటరు పక్కన పెట్టి కుర్చీని రెండు చేతులతో ఎత్తుకుని వచ్చారు. వరండాలో గాలి తగిలే చోట వేసి, జేబురుమాలుతో తుడిచారు.

"ఇక్కడ కూర్చో తల్లీ," అన్నారు ఎస్తేరుతో.

ఎస్తేరు అర్థంకాక చూసింది గాని, డాక్టరుగారికి విషయం అర్థమై మొహం వాడిపోయింది. కొత్త పలక వచ్చేదాకా ఆ యంత్రం వాడనని మాటిచ్చారు. "మరి మోకాళ్ల నొప్పులతో వచ్చేవాళ్లను ఎన్నాళ్లని వెనక్కి పంపను?" అని అడిగారు.

హైమవతి నేల చూస్తూ నిలబడింది.

"మళ్లీ చేస్తాం," అన్నారు ఫక్రుద్దీన్ గారు.

'చేస్తుంది' అనలేదు, 'చేస్తాం' అన్నారు. ఆ మాట విన్నాకే ఆమె తలెత్తగలిగింది.

తిరుగు ప్రయాణంలో బస్సులో ఆయన తిడతారని ఎదురుచూసింది. పొద్దుతిరుగుడు చేలు వెనక్కి పోతున్నాయి. చాలాసేపటికి ఆయన ఒక్కటే అడిగారు.

"ఆ అమ్మాయికి ఎవరు చెబుతారు?"

"నేనే చెబుతాను సార్."

మర్నాడు ఒక్కతే మళ్లీ బస్సెక్కి వెళ్లింది. ఎస్తేరు వరండాలో ఒక తాతకు భుజం వ్యాయామం చేయిస్తోంది. అది అయ్యేదాకా హైమవతి నిలబడే ఉంది. తర్వాత దగ్గరికెళ్లి, ఉన్నదున్నట్టు చెప్పింది.

"అంటే ఇన్నాళ్లూ అది నా మీదికే వస్తోందా మేడమ్?"

"అవును. కొలవకుండా చెప్పాను. తప్పు నాదే."

"నాకేమైనా అవుతుందా?"

"కొద్ది రోజులే కాబట్టి ఏమీ కాదనే అనుకుంటున్నాను. కానీ అనుకోవడం చాలదు. డాక్టరుగారితో మాట్లాడాను. నీ కళ్లూ, మిగతావీ పరీక్ష చేస్తారు. నేనూ నీతో ఉంటాను."

ఎస్తేరు కోపం తెచ్చుకోలేదు గాని, నవ్వలేదు కూడా.

"ఈసారి తెచ్చినప్పుడు ముందు మీరు కూర్చోండి," అంది.

"అలాగే," అంది హైమవతి.

పరీక్షల్లో ఏ తేడా రాలేదు. ఆ మాట తెలిసిన రోజున హైమవతి ప్రయోగశాల మెట్ల మీద కూర్చుని తనివితీరా ఏడ్చింది. తర్వాత మొహం కడుక్కుని పనిలో పడింది.

పని మాత్రం ముందుకు సాగలేదు. పీల్చుకోవాలంటే పీల్చుకునే పదార్థం ఎక్కువ ఉండాలి కదా అనుకుని, ఆమె బొగ్గు పెంచింది. తరంగం ఇంకా గట్టిగా వెనక్కి వచ్చింది. మళ్లీ పెంచింది. పలక అద్దంలా తయారైంది. రేణువులు పెంచి చూస్తే పలక బరువెక్కి అంచుల్లో బీటలిచ్చింది. విడిచిపెట్టిన పలకలు గోడవారన పేరుకుపోయాయి. వేరుశనగ పొట్టుతో కాదు, విదేశాల నుంచి ఖరీదైన కార్బన్ తెప్పించాలని ఆమె నిశ్చయించుకుంది. ఆ మాట చెబుదామని గురువుగారి కోసం చూస్తూనే, మరో పలకకు బొగ్గు తూచి పళ్లెంలో పోసింది.

ఫక్రుద్దీన్ గారు వచ్చి, బల్లకు అవతల కూర్చున్నారు. ఆమె చెప్పిందంతా విన్నారు. పక్కనున్న చెంచా తీసుకుని, పళ్లెంలోంచి కొంచెం బొగ్గు ఎత్తి సీసాలో పోశారు.

ఆమె ఆ చెంచా వైపే చూసింది.

ఇంకో చెంచా తీశారు. మరొకటి. పొడి ఒలకకుండా, తొందర లేకుండా తీస్తున్నారు. పళ్లెం అడుగు తెల్లగా కనిపించసాగింది.

"సార్, ఇంత తీసేస్తే ఇంకేం మిగుల్తుంది?"

"దారి," అన్నారాయన.

చెంచా తుడిచి, ఉన్నచోట పెట్టి, క్లాసుకు వెళ్లిపోయారు.

హైమవతి పళ్లెం ముందు చాలాసేపు కూర్చుంది. బొగ్గు రేణువులు ఒకదానికొకటి తగులుతూ పోతే పలక అంతటా విద్యుత్తు పారుతుంది. అప్పుడది ఒక లోహపు రేకుతో సమానం. రేకు తరంగాన్ని గుమ్మంలోనే తిప్పి పంపుతుంది. లోపలికి రానిదాన్ని పీల్చుకునేదేముంది? తను ఇన్నాళ్లూ లోపల దాన్ని పట్టుకోవడం గురించే ఆలోచించింది. దాన్ని లోపలికి రానివ్వడం గురించి ఆలోచించలేదు.

బొగ్గు తగ్గించింది. ఇప్పుడు తరంగం లోపలికి వచ్చింది. వచ్చినంత సులువుగానే వెనకనుంచి వెళ్లిపోయింది. అయినా ఈసారి ఆమెకు విసుగు రాలేదు. దాన్ని పక్కన పెట్టి, ఇంకో రకంగా పోసింది.

అలా పోసిన వాటిలో ఒకటి నిలిచింది. అందులో ఆమె పొరలు పెట్టింది. ముందు పొరలో బొగ్గు చాలా పలచన, అయస్కాంత రేణువులే ఎక్కువ. తరంగానికి అక్కడ గోడ తగిలినట్టే ఉండదు. దాని వెనక పొరలో బొగ్గు కొంచెం చిక్కన. ఆ వెనక ఇంకాస్త. అన్నిటికీ వెనక పలచటి అల్యూమినియం రేకు. వచ్చిన తరంగం లోపలికి నడిచేకొద్దీ రేణువుల చేతిలో కొంత, బొగ్గు చేతిలో కొంత తగ్గిపోతుంది. రేకు దాకా చేరిన కాస్తా వెనక్కి తిరిగినా, మళ్లీ ఆ పొరలన్నిటినీ దాటుకుంటూ పోవాలి. బయటికొచ్చేసరికి చెప్పుకోదగ్గదేమీ మిగలదు. ఆమె ఈసారి ముందే ముందువైపు కొలిచింది. ఆ తర్వాత పక్కలూ, వెనకా కొలిచింది.

గురువుగారు ఆ పలకను కిటికీ దగ్గరికి తీసుకెళ్లి అంచును చాలాసేపు చూశారు. అక్కడ నలుపులో నలుపు పొరలు పొరలుగా కనిపిస్తోంది. ఆపరేషన్ అయిన కన్ను మూసి, రెండో కంటితో మళ్లీ చూశారు.

"ఇలా పొరలు పెట్టే పని వేరేచోట్ల చేశారని చదివాను. మన పొట్టుతో ఇలా కుదురుతుందని నాకు తట్టలేదు హైమా," అన్నారు.

ఆయన నోట అలాంటి మాట రావడం ఆమె ఎప్పుడూ వినలేదు. పలక అంచుకు అంటిన మసి తుడిచింది.

ఆసుపత్రికి ఆ పలకను ఇద్దరూ కలిసి తీసుకెళ్లారు. హైమవతి దాన్ని గోడకు బిగించింది. వరండాలోని కుర్చీ తెచ్చి పలక ముందు వేసి, దానిలో మీటరు పెట్టింది. తలుపు మూసి స్విచ్ వేసింది. ఉత్త గోడ ఉన్నప్పటికంటే కూడా ముల్లు బాగా కిందే నిలిచింది. గది నాలుగు మూలలా కొలిచింది. తలుపు దగ్గర కొలిచింది. ఆ తర్వాతే పసిపిల్లల గదిలోకి వెళ్లింది. మానిటర్ల మీద గీతలు నిలకడగా నడుస్తున్నాయి. ఒక పాప ఆవలించింది.

కొలతలన్నీ సరిపోయాక, హైమవతి గదిలోకెళ్లి కుర్చీలో కూర్చుంది. స్విచ్ వేయమని ఎస్తేరుకు సైగ చేసింది. ఎస్తేరు తలుపు అద్దంలోంచి ఆమెను చూస్తూ స్విచ్ వేసింది. కొన్ని నిమిషాలయ్యాక ఆపేసి, తలుపు తీసుకుని వచ్చింది.

"చాల్లెండి మేడమ్, లేవండి. నమ్ముతున్నా," అంది.

"నమ్మొద్దు. యంత్రం వేశాక వరండాలోకే వెళ్లు," అంది హైమవతి. "మీటరు ఇక్కడే వదిలిపెడుతున్నాను. ఎప్పుడు అనుమానం వచ్చినా నువ్వే కొలుచుకో."

ఎస్తేరు నవ్వింది.

డాక్టర్ ప్రభంజనరావు గారికి ఇంకో సందేహం వచ్చింది. గోడ దగ్గరికి వచ్చేది కొద్దిపాటి తరంగమే కదా, పూర్తి బలంతో తగిలితే ఈ పలక తట్టుకుంటుందా అని. హైమవతి తనతో తెచ్చిన అదే రకం చిన్న పలకను యంత్రం మూతికి ఎదురుగా నిలబెట్టింది. అందరూ బయటికొచ్చారు. యంత్రాన్ని కాసేపు పూర్తి బలంతో నడిపి ఆపేశారు.

మొదట లోపలికెళ్లింది డాక్టరుగారే. పలక మీద చెయ్యి వేసి, గబుక్కున తీసేశారు.

"ఇదేమిటమ్మా, వేడెక్కిపోయింది! పాడైపోయిందా?"

హైమవతి జవాబు చెప్పబోయింది. అయస్కాంత రేణువులు, బొగ్గు, తరంగం వేడిగా మారడం, అంతా నాలుక చివరి దాకా వచ్చింది. కానీ ఆగి, గురువుగారి వైపు చూసింది.

ఫక్రుద్దీన్ గారు దగ్గరికొచ్చారు. పసిపిల్లల నుదురు చూసినట్టు, చేతి వెనకవైపు పలకకు ఆనించి కాసేపు ఉంచారు.

"పాడవలేదండీ," అన్నారు మెల్లగా. "లోపలికి తీసుకుంది."

డాక్టరుగారూ ఎస్తేరూ పక్క గదిలోకి వెళ్లిపోయారు. ఆయన వరండాలోకి నడిచారు. హైమవతి అక్కడే ఉండి, పలక మీద అరచెయ్యి పరిచి పెట్టింది. అది పూర్తిగా చల్లారేదాకా చెయ్యి తీయలేదు.